నాలుగో పేజీ చింపకు

గుంటూరు, అరండల్‌పేట

తమ్ముడూ,

రాజస్థాన్‌లోని పుష్కర్ నుంచి దిగీ దిగగానే రాసి పంపిన నీ వ్యాసం రెండుసార్లు చదివాను. కార్తీక పౌర్ణమికి ముందు జరిగే ఒంటెల సంత చూడాలని ఇక్కడి నుంచి అంత దూరం రైల్లో వెళ్లావంటేనే నాకు సంతోషం వేసింది. అక్కడ నీ మనసు నిజంగానే కరిగింది, అందులో నాకు అనుమానం లేదు. కానీ నువ్వు కన్నీళ్లు పెట్టుకున్న చోట ఒంటెకు బాధ లేదు. దానికి బాధ ఉన్న చోట నీ చూపు నిలవలేదు.

"మోకరిల్లి ప్రాణభిక్ష అడుగుతున్నట్టు కూర్చుంది" అని రాశావు. ఒంటె కూర్చునే తీరే అది. ముందుకాళ్లు మోకాళ్ల దగ్గర మడిచి, ఆ తర్వాత వెనకకాళ్లు దించుతుంది. రొమ్ము కింద, మోకాళ్ల మీద కాయలు కాసినట్టు తోలు మందంగా ఉంటుంది. కాలే ఇసుక మీద ఆనుకోవడానికి అది రక్ష. కూర్చునేటప్పుడూ లేచేటప్పుడూ, వీపు మీద బరువు వేసేటప్పుడూ గట్టిగా అరవడం చాలా ఒంటెలకు అలవాటు. దుమ్ముకు కళ్లు కారతాయి కూడా. వీటన్నిటినీ నువ్వు దుఃఖం అనుకున్నావు.

అదే వ్యాసం నాలుగో పేజీలో ఒక చిన్న వాక్యం ఉంది: "దాని మూపురం ఒక పక్కకు వాలిపోయి ఉంది." అంతే రాసి, రంగుల తలపాగాల వైపు వెళ్లిపోయావు. ఆగాల్సింది అక్కడే. ఒంటె మూపురంలో ఉండేది నీళ్లు కాదు, కొవ్వు. చాలా రోజులు సరైన మేత లేకపోతే ఆ కొవ్వు కరిగి మూపురం కుంగిపోతుంది, పక్కకు వాలుతుంది. నీ పన్నెండు పేజీల్లో ఆ ఒంటె ఆకలి కనిపించింది ఆ ఒక్క వాక్యంలోనే.

పందొమ్మిదేళ్ల వయసులో నేనూ ఇదే పొరపాటు చేశాను. పక్క ఊరి పశువుల సంత మీద కథ రాసి నాన్నకు చదివి వినిపించాను. అమ్ముడుపోయిన ఎద్దు కన్నీరు కార్చిందని అందులో రాశాను. నాన్న బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. నన్ను కొట్టంలోకి తీసుకెళ్లి, మా దాపటి ఎద్దు మెడ మీద నా అరచెయ్యి పెట్టించాడు. కాడి ఆనే చోట వెంట్రుకల కింద వేడిగా, మెత్తగా ఉబ్బి ఉంది. కొంచెం నొక్కగానే తోలు జలదరించింది. ఎద్దు మాత్రం గడ్డి నములుతూనే ఉంది. "నొప్పి దాని మొహంలో కనపడదమ్మా, చెయ్యి పెడితేనే తెలుస్తుంది" అన్నాడు. వారం రోజులు దానికి కాడి కట్టలేదు. పొద్దునా సాయంత్రం వేపనూనె రాశాడు. నేను ఆ కథ చింపేసి, ఆ ఉబ్బు దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాశాను.

నీ ఒంటె ముక్కునూ అలాగే చూడు. మన ఎద్దుకు ముకుతాడు ఉన్నట్టే, దాని ముక్కుకు కుట్టిన కొయ్య మేకుకు తాడు కట్టి ఉంటుంది. తాడు గుంజితే తల తిప్పిందని రాశావు. ఆ రంధ్రం మానిందా, చీము పట్టిందా? జీను ఒరుసుకునే చోట వెంట్రుక ఊడిందా? మొన్న విజయవాడలో కృష్ణ ఒడ్డున పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే ఒంటెను చూశాను. ముందురోజు వాన పడింది. ఇసుకలో పరుచుకోవడానికి తగ్గ మెత్తని పాదాలు దానివి. తడి సిమెంటు మీద అడుగు వేసే ముందు ప్రతిసారీ ఒక్క క్షణం ఆగుతోంది. ఆ ఆగడం చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక ఆ యజమాని. "కిరాతకుడు" అన్నావు, కానీ అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. రాజస్థాన్‌లో రాయికా అనే పశువుల కాపరుల కులంవాళ్లు తరతరాలుగా ఒంటెల మీదే బతికినవాళ్లు. ట్రాక్టర్లూ జీపులూ వచ్చి ఒంటె బండి పని తగ్గింది, మేత బీళ్లు తరిగిపోయాయి. దేశంలో 2012లో 4 లక్షలున్న ఒంటెలు 2019 పశుగణన నాటికి 2.5 లక్షలకు పడిపోయాయి. రాజస్థాన్ ప్రభుత్వం 2014లో ఒంటెను రాష్ట్ర జంతువుగా ప్రకటించింది, 2015లో వధను నిషేధిస్తూ, రాష్ట్రం దాటించడాన్ని కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది. ఒంటెను కాపాడాలనే తెచ్చారు. కానీ ఆ చట్టం వల్ల కొనేవాళ్లు తగ్గి ధర పడిపోయిందని పెంచేవాళ్లు మొత్తుకుంటున్నారు. అమ్మలేక, మేపలేక సంతలో నిలబడ్డ మనిషి అతను అయి ఉండొచ్చు. అడిగితే తెలిసేది. నువ్వు చూసిన వాలిన మూపురానికి ఈ కథంతా కారణం కావచ్చు. మన వైపు పొలాల్లో ట్రాక్టరు వచ్చాక ఒంగోలు ఎద్దుకు ఏమైందో మీ తాతయ్యని అడుగు, ఆయన చెప్పేది ఆ రాయికాకూ అర్థమవుతుంది.

మన తెలుగులో ఒంటె అంటే ఎక్కువగా నవ్వులాటే. దాని పెళ్లికి గాడిద పాట పాడిన కథ అందరికీ తెలుసు. పని చేసే ఒంటె గురించి మనకు మాటలు తక్కువ, మన దుక్కిలో అది ఎప్పుడూ లేదు కాబట్టి. అందుకని ముందు ఎద్దు మాటలు నేర్చుకో. దగ్గర్లో ఏ సంతకైనా తెల్లవారుజామునే వెళ్లు. పళ్లు పట్టి వయసు చెప్పేవాళ్ల పక్కన నిలబడు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం చేసే ముసలాయన ఎవరైనా కనిపిస్తే ఆయన్ని వదలకు. రాయడానికి తొందరపడకు, ఫోటోలు కూడా వద్దు. ఒకటి రెండు పశువుల మెడల మీద, యజమానిని అడిగి, చెయ్యి పెట్టి చూడు.

తర్వాత మళ్లీ రాయి. మొదటి మూడు పేజీలు తీసెయ్యి, కన్నీళ్లున్న చివరి పేజీ కూడా. నాలుగోది మాత్రం చింపకు, నాకు పంపు.

ఆశీస్సులతో,
అక్క