నరం దొరకట్లేదంటారు, రెండు మూడు సార్లు గుచ్చుతారు: మోచేతి మడతలోనే ఎందుకు వెతుకుతారు?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా: వైజాగ్‌లో ఏ ల్యాబుకెళ్లినా "మీకు నరం దొరకట్లేదు" అంటున్నారు. అరచేతి వెనకాల పచ్చగా కనబడుతున్నదాన్ని వదిలేసి, ఏమీ కనబడని మోచేతి మడతలో గుచ్చుతున్నారు. నాకు నరాలు తక్కువా?

తక్కువేం కాదండీ. మీరు నరం అంటున్నది సిర, అంటే రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకెళ్లే గొట్టం. అందరికీ ఉన్నవే మీకూ ఉన్నాయి. ఎంత లోతున ఉన్నాయి, ఆ పూట ఎంత నిండి ఉన్నాయి అన్నదే తేడా. రోజూ సూది పట్టే పని కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

చేతి వెనక ఉన్న సిరల అల్లిక నుంచి రెండు పెద్దవి పైకి బయల్దేరతాయి. బొటనవేలి వైపు నుంచి వెళ్లేది సెఫాలిక్, చిటికెనవేలి వైపు నుంచి వెళ్లేది బాసిలిక్. మోచేతి మడతలో ఈ రెంటినీ ఏటవాలుగా కలుపుతూ వెళ్లేది మీడియన్ క్యూబిటల్. సెఫాలిక్ భుజం దాకా చర్మం కిందే నడుస్తుంది, బాసిలిక్ మాత్రం జబ్బ మధ్యకి రాగానే లోతుకి దిగిపోతుంది. రెండూ చివరికి చంక దారిలోనే కలిసి, కాలర్ ఎముక వెనక నుంచి పై మహాసిరలోకి, అక్కడి నుంచి గుండె కుడి కర్ణికలోకి (కుడివైపు పై గది) చేరతాయి. మోచేతి దగ్గర ఈ కలయిక అందరికీ ఒకేలా ఉండదు. ఒకే మనిషికి కుడి చెయ్యి ఒక రకంగా, ఎడమ చెయ్యి ఇంకో రకంగా ఉండటం మామూలే. అందుకే ఒక చేతిలో దొరక్కపోతే రెండోది కూడా చూడమని అడగండి.

మేము మొదట వెతికేది మీడియన్ క్యూబిటల్‌ని. లావుగా ఉంటుంది, పక్కలకి జారదు, నొప్పి తక్కువ. అంతకన్నా పెద్ద కారణం దాని కింద ఉంది. జబ్బ కండ నుంచి ముంజేతి లోపలివైపుకి సాగే బైసిపిటల్ అపోన్యూరోసిస్ అనే గట్టి పొర ఈ సిర కింద అడ్డంగా పరుచుకుని ఉంటుంది. బ్రాకియల్ ధమని (గుండె నుంచి చేతికి రక్తం తెచ్చే గొట్టం), మీడియన్ నర్వ్ (స్పర్శని, కదలికని మోసే అసలు నరం) ఆ పొరకి కింద ఉంటాయి. సూది కొంచెం లోతుకి దిగినా ఆ పొర కొంత కాపు కాస్తుంది. రెండో ఎంపిక సెఫాలిక్. లావుపాటి చేతుల్లో చాలాసార్లు ఇదే ఆదుకుంటుంది. బాసిలిక్ కంటికి ఎంత బాగా కనబడినా చివరికే వదిలేస్తాం. అది జారుతుంది, పక్కనే ముంజేతి చర్మానికి స్పర్శనిచ్చే నర్వ్, దగ్గర్లోనే ధమని ఉంటాయి.

ఇక చేతి వెనక పచ్చగా కనబడేవి. అక్కడ చర్మం పల్చన, కొవ్వు దాదాపు ఉండదు కాబట్టి కనబడతాయి, అంతే. లోపల రక్తం ముదురు ఎరుపే. ఆ పచ్చదనం వెలుతురు చర్మంలో చెదరడం వల్ల వచ్చేది. సిర గోడలో కండర పొర ధమనితో పోలిస్తే చాలా పల్చన, లోపలి ఒత్తిడీ తక్కువే. అలాంటి సన్న సిరకి రక్తాన్ని తనంతట తానే లాగే పెద్ద వాక్యూమ్ ట్యూబు తగిలిస్తే ఆ లాగుడుకి గోడలు దగ్గరకొచ్చి సూది మూతికి అతుక్కుంటాయి, ధార ఆగిపోతుంది. చేతి వెనకే తీయాల్సి వస్తే 23 గేజ్ (గేజ్ అంటే సూది లావు, అంకె పెరిగితే సూది సన్నం) బటర్‌ఫ్లై సూది, అంటే రెక్కలున్నది, చిన్న ట్యూబు వాడాలి, లేదంటే సిరంజితో మెల్లగా లాగాలి. గట్టిగా లాగితే ఎర్ర కణాలు పగిలి పొటాషియం తప్పుగా ఎక్కువొస్తుంది, మళ్లీ రమ్మని ఫోను కూడా వస్తుంది.

సిరల్లో రక్తాన్ని వెనక్కి రానివ్వని చిన్న తలుపుల్లాంటివి ఉంటాయి, వాటినే కవాటాలంటారు. వాటి సంగతి మీ చేతి మీదే చూడొచ్చు. జబ్బకి గుడ్డ కట్టి కాసేపుంచండి, ముంజేతి సిర మీద అక్కడక్కడా చిన్న బుడిపెలు తేలతాయి. అవే కవాటాలు. ఒక బుడిపెకి కింద ఒక వేలితో సిరని నొక్కిపట్టి, రెండో వేలితో అక్కడి నుంచి బుడిపె దాటేదాకా పైకి తుడవండి. ఆ ముక్క ఖాళీగా ఉండిపోతుంది, పై నుంచి రక్తం వెనక్కి రాదు. కింది వేలు తీయగానే నిండుతుంది. సిరల్లో రక్తం గుండె వైపుకే వెళ్తుందని 1628లో విలియం హార్వే చూపించింది ఈ పరీక్షతోనే. మా పనిలో దీని అవసరం ఏమిటంటే, సూది మొన సరిగ్గా కవాటానికి ఆనితే సిరలో ఉన్నా చుక్క రాదు. ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి లాగితే వస్తుంది. ఇది తెలియనివాళ్లు సూది తీసేసి మళ్లీ గుచ్చుతారు.

మీకు దొరక్కపోవడానికి నా అంచనా నీళ్లు. రాత్రి తొమ్మిదికి తినేసి, పరగడుపు అంటే నీళ్లు కూడా తాగకూడదనుకుని, తెల్లారి బీచ్ రోడ్డులో చెమటలు కారేలా నడిచి, అటునుంచటే ఏసీ గదిలో కూర్చుంటారు. శరీరంలోని రక్తంలో సగానికి పైగా ఏ సమయంలోనైనా సిరల్లోనే ఉంటుంది. నీరు తగ్గినా, చలి తగిలినా, భయపడినా చర్మం కింది సిరలే ముందు ముడుచుకుంటాయి. షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలకి మంచినీళ్లు తాగొచ్చు. గంట ముందు రెండు గ్లాసులు తాగి రండి. ఆపరేషన్ కోసమో స్కానింగ్ కోసమో డాక్టరు నీళ్లు వద్దన్నా, కిడ్నీ, గుండె జబ్బులకి నీళ్లు లెక్కపెట్టి తాగమన్నా ఆ మాటే వినండి. వచ్చాక చెయ్యి కిందికి వేలాడేసి కూర్చోండి. ఇంకా లేవకపోతే గోరువెచ్చని తడిగుడ్డ మడతలో మూడు నాలుగు నిమిషాలు పెడితే మంచి తేడా కనిపిస్తుంది.

రబ్బరు బెల్టు గుచ్చే చోటుకి 3 నుంచి 4 అంగుళాలు పైన కట్టాలి, ఒక్క నిమిషం దాటకూడదు. వెతకడానికే ఆ నిమిషం అయిపోతే విప్పేసి, రెండు నిమిషాలాగి మళ్లీ కట్టాలి. ఎక్కువసేపు ఉంచితే నీరు బయటికి వెళ్లి రక్తం చిక్కబడుతుంది, ప్రోటీన్, కాల్షియం లాంటివి పెరిగినట్టు చూపిస్తాయి. పిడికిలి ఒకసారి మూస్తే చాలు. కొందరు మూసి తెరిచి, మూసి తెరిచి చేస్తుంటారు, దానివల్లా పొటాషియం పెరుగుతుంది.

మంచి టెక్నీషియన్ చూసేది కళ్లతో కాదు, చూపుడువేలితో. నీళ్లు నిండిన సన్న రబ్బరు గొట్టంలా నొక్కితే తిరిగి లేచేది సిర. గట్టిగా తాడులా తగిలి, లేవనిది స్నాయువు, అంటే కండని ఎముకకి కలిపే తాడు. కొట్టుకుంటే ధమని, దాని జోలికి పోకూడదు. స్పిరిట్ రాశాక 30 సెకన్లు ఆరనివ్వాలి. తడి మీద గుచ్చితే మంట, కణాలు పగిలే ప్రమాదం కూడా. తర్వాత బొటనవేలితో గుచ్చే చోటుకి కింద చర్మాన్ని లాగి పట్టాలి. "మీ నరం జారిపోతోంది" అన్నప్పుడు చాలావరకు జరగనిది ఈ పనే. సూది కోసిన ముఖం పైకి ఉంచి, 15 నుంచి 30 డిగ్రీల వాలులో దించాలి. మామూలు చేతికి 21 గేజ్ సరిపోతుంది.

గుచ్చిన చోట ఉబ్బుతుంటే సూది సిర వెనక గోడని దాటిందని అర్థం, లేదా మొన సగం బయటే ఉంది. వెంటనే బెల్టు విప్పి, సూది తీసి నొక్కిపట్టాలి. వేళ్లదాకా కరెంటు షాకు కొట్టినట్టుంటే ఓర్చుకోకండి, అప్పుడే చెప్పండి. నర్వ్‌కి తగిలిందన్నమాట, సూది అప్పటికప్పుడు బయటికి రావాల్సిందే. మామూలుగా కూడా సూది తీయడానికి ముందే బెల్టు విప్పాలి. తర్వాత దూది పెట్టి మోచెయ్యి మడిచేసుకోవడం మనవాళ్లందరికీ అలవాటు, నల్లగా కమిలేది ఎక్కువగా అందుకే. చెయ్యి చాపే ఉంచి, రెండు మూడు నిమిషాలు నేరుగా నొక్కండి. రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్లు ఐదు నిమిషాలైనా నొక్కాలి. ఒకరు రెండుసార్లు గుచ్చి దొరక్కపోతే మూడోసారి ఇంకొకరిని పిలవమనండి, అందులో మొహమాటం అక్కర్లేదు.

చేతి వెనకే గుచ్చమని పట్టుబట్టాల్సినవాళ్లు ఒకరున్నారు: కిడ్నీ జబ్బువాళ్లు. ఉద్దానం నుంచి ఇక్కడికి చూపించుకోవడానికి వచ్చేవాళ్లు ఎంతోమంది. రేపు డయాలసిస్ దాకా వెళ్తే మణికట్టు దగ్గర సెఫాలిక్ సిరని ధమనికి కలిపి ఫిస్టులా చేస్తారు. ధమని ఒత్తిడికి ఆ సిర వారాల తరబడి లావెక్కి, గోడ గట్టిపడితేనే డయాలసిస్ సూదులకి పనికొస్తుంది. అంతకుముందే ముంజేతిలో పదేపదే గుచ్చి, సెలైన్లు ఎక్కించి ఉంటే ఆ సిర మచ్చలు కట్టి మూసుకుపోతుంది. అందుకే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరుగుతోందని తెలిసినప్పటి నుంచే, రాయని చేతి ముంజేతిని ముట్టుకోవద్దని చెప్పండి. ఫిస్టులా చేశాక ఆ చేతికి బీపీ పట్టీ కూడా కట్టనివ్వకండి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలో లింఫ్ గ్రంథులు తీసినవాళ్లు కూడా ఆ వైపు చెయ్యి కాకుండా రెండోది ఇవ్వాలి.