కైరోప్రాక్టర్ లైసెన్సు: ఏ కాగితం ముందు, ఏది వెనక?

అమెరికాలో కైరోప్రాక్టర్‌గా, అంటే వెన్నెముకను, కీళ్లను చేతులతో సర్ది చికిత్స చేసేవారిగా, ప్రాక్టీసు పెట్టడం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం కాబట్టి రాష్ట్రానికో తీరు ఉంటుంది. దరఖాస్తు పెట్టేముందు మీ రాష్ట్ర లైసెన్సు బోర్డు వెబ్‌సైటు ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: ఇండియాలో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) పూర్తిచేసి ఇక్కడికి వచ్చాను. ఆ చదువుతో నేరుగా కైరోప్రాక్టర్ లైసెన్సు పరీక్షలు రాయొచ్చా? మొత్తం ఎంతకాలం పడుతుంది?

జవాబు: నేరుగా కుదరదు. ఇక్కడ ఫిజికల్ థెరపీ, కైరోప్రాక్టిక్ రెండు వేర్వేరు లైసెన్సులు. మీకు కావలసింది డీసీ (డాక్టర్ ఆఫ్ కైరోప్రాక్టిక్) డిగ్రీ, అదీ కైరోప్రాక్టిక్ కాలేజీలకు గుర్తింపునిచ్చే సీసీఈ ఒప్పుకున్న కాలేజీ నుంచి. ఆ డిగ్రీకి కనీసం 4,200 గంటల బోధన ఉండాలి. చాలా కాలేజీల్లో అది పది ట్రైమెస్టర్లు, అంటే ఆపకుండా చదివితే మూడేళ్ల నాలుగు నెలలు.

బీపీటీ పనికొచ్చేది అడ్మిషన్ దగ్గర. చేరడానికి 90 సెమిస్టర్ గంటల కాలేజీ చదువు అడుగుతారు. అందులో 24 గంటలు సైన్సు ఉండాలి, ఆ సైన్సులో సగానికి ల్యాబు ఉండాలి. అందుకే మార్కుల జాబితాను సబ్జెక్టువారీగా మదింపు చేయించండి. డిగ్రీ మొత్తానికి కలిపి ‘బ్యాచిలర్స్‌తో సమానం’ అని ఒక్క వాక్యం రాసిచ్చే మదింపులో ల్యాబు గంటలు కనపడవు, దాన్ని మళ్లీ చేయించుకోవాల్సి వస్తుంది. అనాటమీ లాంటి సబ్జెక్టుల్లో మినహాయింపు దొరకొచ్చు గానీ, బోర్డు పరీక్షలో ఆ సబ్జెక్టు ఎలాగూ తప్పదు. క్లాసులో కూర్చోవడమే మేలని మా అభిప్రాయం.

పరీక్షలు పెట్టేది కొలరాడోలోని గ్రీలీలో ఉన్న ఎన్‌బీసీఈ అనే జాతీయ పరీక్షల సంస్థ. మొత్తం నాలుగు పార్టులు. మొదటిది బేసిక్ సైన్సులు: జనరల్ అనాటమీ, స్పైనల్ అనాటమీ, ఫిజియాలజీ, కెమిస్ట్రీ, పాథాలజీ, మైక్రోబయాలజీ. రెండోది రోగనిర్ధారణ, ఇమేజింగ్, కైరోప్రాక్టిక్ సూత్రాల వంటివి. మూడోది కేసుల మీద రాతపరీక్ష. నాలుగోది చేతులతో చేసి చూపించేది: ఎక్స్‌రే చదవడం, టెక్నిక్, కేసు నడపడం. పాసు స్కోరు 375. ఇవి కాక ఫిజియోథెరపీ అని విడిగా ఒక పరీక్ష ఉంది. ఐచ్ఛికం అనే పేరు చూసి చాలామంది వదిలేస్తారు, తీరా చూస్తే చాలా రాష్ట్రాలు దాన్ని అడుగుతాయి. అల్ట్రాసౌండు, విద్యుత్ చికిత్స లాంటివి వాడాలంటే అదే ఆధారం. బీపీటీ చేసినవాళ్లకు అన్నిటికన్నా తేలిక అదే, వదలకండి.

ప్రశ్న: మా అమ్మాయి ఎఫ్-1 విద్యార్థి వీసా మీద డీసీ చదువుతోంది, డిసెంబరులో అయిపోతుంది. లైసెన్సుకి ఎప్పుడు దరఖాస్తు పెట్టాలి? ఓపీటీకి (చదువయ్యాక పని చేయడానికిచ్చే తాత్కాలిక అనుమతికి) ఇబ్బంది వస్తుందా?

జవాబు: ఇబ్బంది సరిగ్గా అక్కడే వస్తుంది. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగింది మొత్తం కలిపి 90 రోజులే, ఆ లెక్క ఓపీటీ మొదలైన తేదీ నుంచి నడుస్తుంది. లైసెన్సు లేకుండా రోగి మీద చెయ్యి వేయడానికి వీల్లేదు. బోర్డేమో డిగ్రీ ప్రదానం చేసిన తేదీ ఉన్న ట్రాన్‌స్క్రిప్టు (కాలేజీ ఇచ్చే మార్కుల జాబితా) అందేదాకా ఫైలు ముట్టదు. డిసెంబరులో చదువు ముగిసినా ఆ తేదీ ట్రాన్‌స్క్రిప్టు మీద ఎక్కడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. ఓపీటీ, లైసెన్సు రెండు గడియారాలూ ఒకేసారి మొదలైతే ఓపీటీ 90 రోజులే ముందు అయిపోతాయి.

చేయగలిగినవి ఇవి. ఓపీటీ దరఖాస్తును చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచే పెట్టొచ్చు. మొదలయ్యే తేదీని మాత్రం చదువు ముగిశాక 60 రోజుల్లోపు ఎప్పుడైనా ఎంచుకోవచ్చు. ఆ 60 రోజుల్లో చివరి వైపు తేదీ ఎంచుకుంటే లైసెన్సుకి అంత సమయం కలిసొస్తుంది. ఈలోగా చివరి ట్రైమెస్టర్‌లోనే వేలిముద్రలు, నేరచరిత్ర తనిఖీ, రాష్ట్ర చట్టాల పరీక్ష వంటివి, డిగ్రీ రాకముందే ఒప్పుకునే పనులన్నీ ముగించాలి. కాలిఫోర్నియా, టెక్సస్ రెండూ తమ చట్టం మీద విడిగా పరీక్ష పెడతాయి. పుస్తకం చిన్నదే, కానీ ప్రకటనల నియమాలు, రికార్డులు ఎన్నేళ్లు దాచాలి అన్న ప్రశ్నల్లో తప్పుతుంటారు.

ఇంకో చిక్కుముడి సోషల్ సెక్యూరిటీ నంబరు. కొన్ని బోర్డులు అది లేకుండా దరఖాస్తు తీసుకోవు. ఎఫ్-1 విద్యార్థికి ఆ నంబరు రావాలంటే పని చేసే అనుమతి కావాలి. కాలేజీలో క్యాంపస్ ఉద్యోగం ఒక్కటి చేసి ఉంటే నంబరు అప్పుడే వచ్చి ఉంటుంది. లేకపోతే ఓపీటీ కార్డు వచ్చేదాకా ఆగాలి. కాబట్టి చివరి ఏడాదిలో చిన్న క్యాంపస్ పనైనా చేయించండి.

పేరు సంగతి కూడా చూడండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, ఎన్‌బీసీఈ ఖాతాలో ఒక్క అక్షరంగా ఉంటే బోర్డు దృష్టిలో వాళ్లిద్దరూ వేర్వేరు మనుషులు. మన తెలుగువాళ్ల ఫైళ్లు ఆగేది ఎక్కువగా ఇక్కడే. స్కోర్లు ఎన్‌బీసీఈ నుంచి, ట్రాన్‌స్క్రిప్టు కాలేజీ నుంచి నేరుగా బోర్డుకే వెళ్లాలి. మీరు పంపిన నకళ్లు చెల్లవు.

ప్రశ్న: లైసెన్సు వచ్చింది. సొంత క్లినిక్ పెట్టి రోగుల హెల్త్ ఇన్సూరెన్సు ఒప్పుకోవాలనుకుంటున్నాను. ఏ పని తర్వాత ఏది?

జవాబు: ఒక్కో ఫారం దానికి ముందు వచ్చిన నంబరు అడుగుతుంది, అందుకే వరస ముఖ్యం. ముందు సంస్థ. చాలా రాష్ట్రాల్లో ప్రొఫెషనల్ ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత సంస్థ) చాలు. కాలిఫోర్నియాలో మాత్రం లైసెన్సు వృత్తికి ఎల్ఎల్‌సీ కుదరదు, ప్రొఫెషనల్ కార్పొరేషనే పెట్టాలి. తర్వాత పన్నుల శాఖ ఐఆర్ఎస్ దగ్గర ఈఐఎన్, అంటే సంస్థకిచ్చే పన్ను నంబరు. అది ఉచితం, డబ్బులడిగే వెబ్‌సైట్లు దళారులవి. ఆ తర్వాత ఎన్‌పీఐ, అది వైద్యం చేసేవాళ్లను గుర్తించే పది అంకెల నంబరు, అదీ ఉచితమే. మీ పేరున టైప్ 1, సంస్థ పేరున టైప్ 2, రెండూ తీసుకోండి. ఇప్పుడు మాల్‌ప్రాక్టీస్ బీమా, అంటే చికిత్సలో పొరపాటని రోగి కేసు వేస్తే మిమ్మల్ని కాపాడేది. సాధారణంగా అడిగే హద్దు ఒక్కో కేసుకి 10 లక్షల డాలర్లు, ఏడాది మొత్తానికి 30 లక్షలు. సంఘటన జరిగిన తేదీని బట్టి వర్తించే పాలసీ, క్లెయిమ్ వచ్చిన తేదీని బట్టి వర్తించే పాలసీ అని రెండు రకాలు. రెండోది మొదట్లో చవక, మానేసేటప్పుడు మాత్రం ‘టెయిల్’ (మానేశాక వచ్చే పాత కేసులకు రక్షణ) కింద ఒకేసారి పెద్ద మొత్తం కట్టాలి.

ఇవన్నీ చేతిలో పెట్టుకుని సీఏక్యూహెచ్ అనే ఆన్‌లైన్ వేదికలో ప్రొఫైలు నింపండి. అక్కడి నుంచే ఇన్సూరెన్సు కంపెనీలు మీ వివరాలు తీసుకుంటాయి. ప్రతి 120 రోజులకూ లోపలికెళ్లి వివరాలు సరైనవేనని మళ్లీ ధ్రువీకరించాలి. అది మరిచిపోతే దరఖాస్తు చప్పుడు లేకుండా ఆగిపోతుంది, ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. కంపెనీ ఆమోదానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. చాలా కంపెనీలు ఆమోద తేదీకి ముందు చూసిన రోగులకు నెట్‌వర్క్ రేటు (తమ జాబితాలో ఉన్నవాళ్లకిచ్చే ధర) కట్టవు. అద్దె మొదలయ్యాక ఈ పని మొదలుపెడితే ఆ నెలలన్నీ చేతి డబ్బే.

చిరునామా అన్నిచోట్లా అక్షరం పొల్లుపోకుండా ఒకేలా రాయండి. ఒకచోట సూట్ నంబరు ఉండి ఇంకోచోట లేకపోతే క్లెయిమ్ వెనక్కొస్తుంది. చిరునామా మారితే ఎన్‌పీఐ రికార్డు 30 రోజుల్లో సవరించాలి.

ప్రశ్న: ఇన్సూరెన్సు గొడవే వద్దు, అందరి దగ్గరా నగదే తీసుకుంటాను. మెడికేర్ (ప్రధానంగా 65 ఏళ్లు దాటినవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా) వాళ్లకూ అలాగే చేయొచ్చా?

జవాబు: మెడికేర్ వాళ్లకు కుదరదు. ఎండీలు (మామూలు వైద్యులు) మెడికేర్ నుంచి పూర్తిగా తప్పుకుని రోగితో సొంత ఒప్పందం రాసుకోవచ్చు. కైరోప్రాక్టర్లకు ఆ వెసులుబాటు లేదు. మెడికేర్ రోగికి వెన్నెముక అడ్జస్ట్‌మెంట్ (చేతులతో సర్దడం) చేయాలంటే నమోదై ఉండాలి, క్లెయిమ్ మీరే పంపాలి. నమోదుకి 855ఐ ఫారం, ఆన్‌లైన్‌లో మెడికేర్ నమోదు వెబ్‌సైటు పీకాస్‌లో నింపొచ్చు.

మెడికేర్ మనకు చెల్లించేది వెన్నెముక అడ్జస్ట్‌మెంట్ ఒక్కదానికే. వెన్నెముకను ఐదు భాగాలుగా లెక్కేస్తారు. సర్దింది ఒకటి రెండు భాగాలైతే బిల్లు కోడు 98940, మూడు నాలుగైతే 98941, ఐదూ అయితే 98942. మీరు చేసిన పరీక్షకు, ఎక్స్‌రేకు, భుజం మోకాలు సర్దినందుకు ఏమీ ఇవ్వదు. చికిత్సతో మెరుగుపడుతున్న రోగి అయితే కోడు పక్కన ఏటీ గుర్తు పెట్టాలి. మెరుగు ఆగిపోయి, ఉన్న స్థితిని కాపాడుకోవడానికే వస్తుంటే ఏటీ పెట్టకూడదు. అప్పుడు చికిత్సకు ముందే రోగి చేత ఏబీఎన్ (దీనికి మెడికేర్ చెల్లించకపోవచ్చని ముందే చెప్పే) కాగితం మీద సంతకం చేయించి జీఏ గుర్తు పెట్టాలి, డబ్బు రోగే ఇస్తారు. ప్రతి విజిట్‌కీ అలవాటుగా ఏటీ కొట్టుకుంటూ పోవడం ఆడిట్‌ని ఇంటికి పిలవడమే.

ఆడిట్‌లో ఓడిపోయేది నోట్స్ దగ్గర. ఎక్స్‌రే లేకుండా పరీక్షతో రుజువు చేసేటప్పుడు నాలుగు అంశాలు చూస్తారు: నొప్పి, అమరికలో తేడా, కదలికలో తేడా, కండరం స్థితి. వీటిలో కనీసం రెండు రాయాలి, ఆ రెండిట్లో ఒకటి అమరికో కదలికో అయి తీరాలి. ‘నడుం నొప్పి తగ్గింది, ఎల్5 (నడుములో ఐదో వెన్నుపూస) సర్దాం’ అని రాస్తే డబ్బు తిరిగి కట్టాల్సిందే. ఇలా రాయండి: ‘ఎల్4–ఎల్5 కుడివైపు నొక్కితే నొప్పి 10కి 6. నడుము ముందుకు 60 డిగ్రీలకు బదులు 40 దగ్గర ఆగుతోంది. కుడి పారాస్పైనల్ కండరం బిగుసుకుంది. ఎల్5 సర్దాం, తర్వాత 50 డిగ్రీలు వంగారు. లక్ష్యం: నాలుగు వారాల్లో నొప్పి లేకుండా 20 నిమిషాలు నిలబడటం.’ 98941 వేస్తే మూడు భాగాలకూ విడివిడిగా ఇలాంటి ఆధారమూ, రోగనిర్ధారణ కోడూ ఉండాలి. మెడకు ఎం99.01, వీపుకు ఎం99.02, నడుముకు ఎం99.03.

ప్రశ్న: చోటు చూసుకున్నాను, సొంత ఎక్స్‌రే పెడదామనుకుంటున్నాను. ప్రారంభానికి ‘మొదటి విజిట్ ఉచితం’ అని బోర్డు పెట్టొచ్చా?

జవాబు: లీజు మీద సంతకం పెట్టకముందే ఆ చోట వైద్యానికి జోనింగ్ (స్థల వినియోగ నియమం) ఒప్పుకుంటుందో లేదో నగరపాలక కార్యాలయంలో అడగండి. దుకాణం నడిచిన చోట క్లినిక్ పెడితే పార్కింగ్ లెక్క మారొచ్చు. ఆ చోటును వాడుకోవడానికిచ్చే ఆక్యుపెన్సీ అనుమతి రాకపోతే లీజు రద్దు చేసుకునే షరతు రాయించుకోండి. తలుపు తెరిచాక కనీసం 32 అంగుళాల ఖాళీ, చక్రాల కుర్చీ తిరగడానికి 60 అంగుళాల వలయం ఉండాలి. టేబులు పొడవు ఆరడుగులు అనుకున్నా, రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి చేసే అడ్జస్ట్‌మెంట్‌కి రెండువైపులా మూడేసి అడుగులు ఉంటేనే మీ నడుము బాగుంటుంది.

ఎక్స్‌రే మొదటి ఏడాది వద్దనే మా సలహా. దగ్గరలోని ఇమేజింగ్ సెంటర్‌కి పంపండి. పెట్టి తీరాలంటే యంత్రాన్ని రాష్ట్ర రేడియేషన్ విభాగంలో నమోదు చేయాలి. గోడల్లో ఎంత సీసం కావాలో మెడికల్ ఫిజిసిస్టు లెక్కకట్టిన ప్లాను జిప్సం బోర్డు బిగించకముందే చేతిలో ఉండాలి. బోర్డు బిగించి రంగులేశాక ప్లాను తెస్తే గోడ మళ్లీ పగలగొట్టడమే.

ఉచిత విజిట్‌కి రెండు అడ్డంకులు. మీ రాష్ట్ర బోర్డుకి ఉచిత ఆఫర్లు ఎలా ప్రకటించాలో నియమాలుండొచ్చు. మెడికేర్, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ప్రభుత్వ బీమా) రోగులకు ఇచ్చే చిన్నపాటి కానుకలకు కేంద్రం పెట్టిన హద్దు ఒక్కోటి 15 డాలర్లు, ఏడాదికి 75 డాలర్లు. పూర్తి పరీక్ష, ఎక్స్‌రే ఉచితమంటే అది దాటిపోతుంది. బిల్లులో రోగి కట్టాల్సిన వాటాను అందరికీ మాఫీ చేయడమూ అంతే. చికిత్స లేకుండా పది నిమిషాలు మాట్లాడి, మీ సమస్య మా పరిధిలోనిదో కాదో చెప్తామని బోర్డు పెట్టుకోండి, అందులో పేచీ తక్కువ. బోర్డు మీద పేరుకు ముందు ‘డాక్టర్’ అని రాస్తే పక్కనే కైరోప్రాక్టర్ అనో డీసీ అనో ఉండేలా చూసుకోండి.