చెరి సగం వాటా సంగతి తర్వాత, ముందు ఒక చిన్న పని కలిసి చేయండి

మీరు రెండు విషయాలు అడిగారు. ఇంటి నుంచి ఒంటరిగా డిజైన్ పనులు చేసుకుంటున్నారు, పాత సహోద్యోగి ఒకరు కలిసి వ్యాపారం చేద్దామంటున్నారు, చెరి సగం వాటాతో మొదలుపెట్టవచ్చా అన్నది ఒకటి. ఎదురుగా లేని మనిషిని ఎంతవరకు నమ్మాలన్నది రెండోది. నేను తొమ్మిదేళ్లుగా ఇంటి నుంచే యంత్రాల మాన్యువళ్లు అనువదిస్తున్నాను. ఈ తొమ్మిదేళ్లలో ఒక భాగస్వామ్యం చెడింది, ఒకటి నిలిచింది. నాకు తెలిసిందంతా ఆ రెండూ నేర్పిందే.

చెరి సగం అని ఇప్పుడే మాట ఇవ్వకండి.

చెడిన భాగస్వామ్యం ఒక స్నేహితుడితో. పని పంచుకుందాం, వచ్చిన డబ్బు చెరి సగం అనుకున్నాం. కాగితం మీద ఒక్క ముక్క రాసుకోలేదు. రాసుకుందామంటే నమ్మకం లేదనుకుంటాడేమోనని నాకు మొహమాటం, బహుశా అతనికీ అంతే. రెండు నెలలు బాగానే గడిచాయి. తర్వాత అతనికి ఇంట్లో బాధ్యతలు పెరిగాయి, పని కొద్దికొద్దిగా నా మీదకు జరిగింది. ఇబ్బందిగా ఉందని అతను చెప్పలేదు, భారం ఎక్కువైందని నేనూ చెప్పలేదు. ఒకే గదిలో పని చేసేవాళ్లకు ఎదుటివారి ముఖం చూస్తే అలసట తెలిసిపోతుంది. ఇళ్లలో ఉన్న మాకు కనిపించేది జవాబు రాని సందేశం ఒక్కటే. దానికి ఎవరికి తోచిన అర్థం వాళ్లం చెప్పుకున్నాం. అతనికి పట్టడం లేదని నేను, నాకు కోపం వచ్చిందని అతను. ఎనిమిదో నెలలో ఒక్క ఫోనుతో అంతా తెగిపోయింది. పోయిన డబ్బును ఎప్పుడో మరచిపోయాను. ఆ స్నేహం పోయిందన్న బాధ మాత్రం ఇంకా ఉంది.

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు థామస్ అలెన్ ఇంజనీర్లు ఒకరితో ఒకరు ఎంత తరచుగా మాట్లాడుకుంటారో పరిశోధించి, ఆ ఫలితాలను 1977లో పుస్తకంగా ప్రచురించారు. బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ మాటలు వేగంగా తగ్గిపోతాయనీ, కొన్ని పదుల మీటర్లు దాటేసరికే బాగా పలచబడతాయనీ తేలింది. ఒకే సంస్థలో పని చేసేవాళ్ల పరిస్థితే అది. వేర్వేరు ఇళ్లలో ఉన్న ఇద్దరి మధ్య మాట దానంతట అది సాగుతుందనుకోవడం నేను చేసిన అసలు పొరపాటు.

ఇక నిలిచిన భాగస్వామ్యం. ఆమె పేజీలు కడతారు, అంటే డీటీపీ పని. మొదట్లో మాకు పరిచయం అంతంతమాత్రమే. ఒక పంపు మాన్యువల్ మర్నాడు ఉదయం క్లయింటుకు పంపాలి. రాత్రి పది దాటాక ఆమె ఫోను చేశారు. "పద్నాలుగో బొమ్మలో బాణం గడియారం ముల్లు తిరిగే వైపుకు ఉందండి. అలా తిప్పితే నట్టు బిగుసుకుంటుంది కదా. పక్కన వాక్యంలో వదులు చేయమని ఉంది. మూలం ఒకసారి చూస్తారా?" అన్నారు. చూశాను. తప్పు నాదే. బొమ్మ పక్కన వాక్యాన్ని సరిగ్గా అమర్చడంతో ఆమె పని అయిపోతుంది, అనువాదం సరిచూడటం ఆమె బాధ్యత కాదు. అయినా చూశారు, చూసింది ముందు నాకే చెప్పారు, అదీ నన్ను చిన్నబుచ్చకుండా అడిగారు. ఆ రాత్రి ఫైలు సరిచేసి పంపాక, ఈమెతో కలిసి పని చేయాలని గట్టిగా అనిపించింది.

అయినా వెంటనే వాటాలు మాట్లాడుకోలేదు. వరసగా మూడు చిన్న పనులు కలిసి చేశాం. ప్రతి పనికీ ముందే ఎవరు ఏం చేయాలి, ఏ తేదీకి, వచ్చిన దానిలో ఎవరికి ఎంత అన్నది నాలుగు వాక్యాల్లో రాసుకుని ఇద్దరం సరే అనుకున్నాం. ఇప్పటికీ మా పద్ధతి అదే. కొన్ని పనుల్లో బొమ్మలు ఎక్కువ, ఆమె వాటా ఎక్కువ. కొన్నింట్లో అనువాదమే అధికం. అన్నిటికీ ఒకే వాటా అని ఉంటే ఎవరో ఒకరు ప్రతి నెలా లోలోపల నొచ్చుకుంటూ ఉండేవాళ్లం.

ప్రతి బుధవారం అరగంట ఫోను. పని లేకపోయినా చేస్తాం. ఏది నడుస్తోంది, ఏది ఆలస్యమవుతోంది అన్నవి పది నిమిషాల్లో తేలిపోతాయి. మిగతా సమయం మూడో ప్రశ్నకు: ఈ వారం ఏదైనా ఇబ్బంది పెట్టిందా? మొదట్లో ఇద్దరం "ఏమీ లేదు" అనేవాళ్లం. ఒక వారం ఆమె కాస్త తటపటాయించి, నేను చివరి నిమిషంలో మార్పులు పంపడం వల్ల రాత్రుళ్లు మేలుకోవాల్సి వస్తోందని చెప్పారు. అంతవరకు నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆ రోజు నుంచి సాయంత్రం ఆరు దాటితే మార్పులు మర్నాటికే. ఆలస్యం కబురును గడువు నాడు కాకుండా, అనుమానం వచ్చిన రోజే చెప్పాలన్నది కూడా అలా పెట్టుకున్న నియమమే. మా భాగస్వామ్యాన్ని నిలబెట్టిన మాట ఒక్కటి చెప్పమంటే నేను ఇదే చెబుతాను. ముందే తెలిస్తే ఎదుటివారు సాయం చేయగలరు. చివర్లో తెలిస్తే కోపం తెచ్చుకోవడం తప్ప వాళ్లు చేయగలిగింది ఉండదు.

సంస్థను రిజిస్టర్ చేయడం గురించి ఒక్క హెచ్చరిక. సాధారణ భాగస్వామ్య సంస్థలో వ్యాపారం కోసం ఒకరు చేసిన అప్పుకు మిగతావాళ్లు సొంత ఆస్తితో సహా బాధ్యులని చాలా దేశాల చట్టాలు చెబుతాయి. సంతకం పెట్టే ముందు న్యాయవాదికి చూపించండి, విడిపోవాల్సి వస్తే ఏం చేయాలో కూడా అందులో రాయించండి. మేము ఏడాది కలిసి పని చేశాకే ఉమ్మడి పేరు పెట్టుకున్నాం.

మీ ఒంటరితనం గురించి కూడా రాశారు. ఆ భారమంతా ఒక్క భాగస్వామి మీద వేయకండి. 1727లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ జుంటో అనే చిన్న బృందాన్ని ఏర్పాటు చేశాడు. చెప్పులు కుట్టేవాడు, వడ్రంగి, సర్వేయరు, దస్తావేజులు రాసేవాడు, ఇలా వేర్వేరు వృత్తుల వాళ్లు శుక్రవారం సాయంత్రాలు కలుసుకునేవారు. తర్వాత ఫ్రాంక్లిన్ సొంత అచ్చుపని మొదలుపెట్టినప్పుడు, క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారి చరిత్ర పుస్తకంలో నలభై షీట్ల పనిని తెచ్చిపెట్టింది ఆ బృందంలోని దస్తావేజుల రాతగాడే. నేను నలుగురు అనువాదకులతో నెలకోసారి మాట్లాడతాను. నాకు కుదరని పని వాళ్లకు పంపుతాను, అందుకు కమీషన్ తీసుకోను. వాళ్ల నుంచి నాకూ పనులు వస్తాయి. అంతకన్నా విలువైనది ఇంకోటి ఉంది. ఫలానా క్లయింటు డబ్బు ఆలస్యం చేస్తాడన్నది నాకు వాళ్ల నోటి నుంచే ముందుగా తెలుస్తుంది.

కాబట్టి మీ సహోద్యోగికి ఇలా చెప్పి చూడండి: "వాటాల సంగతి ఆరు నెలల తర్వాత మాట్లాడుకుందాం. నా దగ్గర రెండు వారాల్లో అయిపోయే పని ఒకటి ఉంది. అది కలిసి చేద్దామా?" ఆయన నొచ్చుకుంటారేమోనని భయపడకండి. ఆ పని మధ్యలో ఏదో ఒకటి తప్పకుండా అడ్డం తిరుగుతుంది. అప్పుడు ఆయన మీకు ఫోను చేస్తారా, మీరే ఆయన కోసం వెతుక్కోవాల్సి వస్తుందా అన్నది గమనించండి. మీరు ఫోను చేస్తారా లేదా అన్నది కూడా చూసుకోండి. పని ముగిశాక ఏం జరిగిందో ఇక్కడ రాయండి, పనుల వారీగా లెక్క ఎలా రాసుకోవాలో మా పట్టిక నమూనా పెడతాను.