రససిందూరాన్ని వేళ్లతో రుద్ది చూస్తే చాలునా?

ప్రశ్న: మా నాన్నగారికి ఆయుర్వేద వైద్యులు రససిందూరం రాశారు. వేలి గీతల్లో ఇమిడితే మందు మంచిదేనని బంధువులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: పాదరసాన్నీ గంధకాన్నీ ఖల్వంలో (మందులు నూరే రోలులో) కజ్జలి అనే నల్లని పొడిగా నూరి, గుడ్డ, మట్టి చుట్టిన గాజుసీసాలో పోసి ఇసుకలో పెట్టి కాస్తే, సీసా మెడలో పేరుకునే ఎర్రని పదార్థమే రససిందూరం. కజ్జలిని కాస్త నీటితో రుద్ది ఎండలో పట్టి చూసినప్పుడు ఒక్క మెరుపు కనిపించినా పాదరసం ఇంకా విడిగా ఉన్నట్టే లెక్క. దీన్ని నిశ్చంద్ర పరీక్ష అంటారు. మీ బంధువులు చెప్పినది రేఖాపూర్ణ పరీక్ష. నిలకడ నీటిపై పొడి తేలుతుందా అని చూసేది వారితర పరీక్ష. ఈ చివరి రెండూ ముఖ్యంగా పొడి ఎంత మెత్తగా ఉందో చెబుతాయి (పూర్వులు కంటితోనే ఇంత పట్టుకోవడం మెచ్చదగిన సంగతే), కానీ సీసం, ఆర్సెనిక్ కలిశాయేమో చెప్పలేవు.

అందుకు ప్రయోగశాల కావాలి. ఎక్స్‌రే కిరణాలతో పదార్థాన్ని గుర్తించే ఎక్స్‌రే వివర్తన పరీక్షలో అది మెర్క్యురిక్ సల్ఫైడేనా (పాదరసం, గంధకం కలిసిన సమ్మేళనమేనా) అన్నది తేలుతుంది. ఆ సమ్మేళనం బరువులో దాదాపు 86 శాతం పాదరసమే కాబట్టి, మూలికా మందుల్లో పాదరసానికి పెట్టిన 1 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఒక భాగం) పరిమితితో దీన్ని కొలవడం అర్థంలేని పని. విడి పాదరసం ఎంత, ఇతర లోహాలు ఎంత అన్నదే అడగవలసిన ప్రశ్న.

పాదరసం ఔషధ నిబంధనల షెడ్యూల్ ఈ(1) అనే విషపదార్థాల జాబితాలో ఉన్నందున, వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక లేబుల్‌పై ఉండాలి. బ్యాచ్ పరీక్షా పత్రాన్ని తయారీదారును అడగండి. నాన్నగారికి మూత్రపిండాల జబ్బు ఉంటే, మొదటి మోతాదుకు ముందే వైద్యునికి చెప్పండి.