మెంటరు పనినే వృత్తిగా మలచుకోవచ్చా?

ప్రశ్న: మాది మదనపల్లె. తొమ్మిదేళ్లుగా బెంగళూరులోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ అసిస్టెంట్ ప్రొఫెసరుగా పనిచేస్తున్నాను. పీహెచ్‌డీ సగంలో ఉంది. ఇరవై మంది విద్యార్థులకు మెంటరుగా ఉండే బాధ్యత కూడా నాదే. పాఠం చెప్పడం కంటే ఆ పనే నాకు ఎక్కువ తృప్తినిస్తోంది. ఈమధ్య కొన్ని విశ్వవిద్యాలయాలు ‘స్టూడెంట్ సక్సెస్’ పేరుతో విభాగాలు తెరిచి డైరెక్టర్లను నియమిస్తున్నాయి. అటు వెళ్లాలని ఉంది. సైకాలజీలో మరో డిగ్రీ చేయాలా? బోధన వదిలితే వెనక్కి రాలేవని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, యలహంక, బెంగళూరు

జవాబు: ముందుగా డిగ్రీ సంగతి. మీరు కోరుకుంటున్న పదవికి సైకాలజీ డిగ్రీ అక్కర్లేదు. మనసు చెదిరిన విద్యార్థిని ఆదుకోవడం శిక్షణ పొందిన కౌన్సెలర్ పని. వంద లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించుకోవాలని, విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో ఆదేశించింది కూడా. మీరు పూర్తిచేయవలసింది ఆ సగంలో ఉన్న పీహెచ్‌డీని. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసోసియేట్ ప్రొఫెసరు కావడానికే అది తప్పనిసరి. డీన్ బాధ్యతలు సాధారణంగా ప్రొఫెసర్లకే దక్కుతాయి.

ఇక అసలు పని. చేరిన విద్యార్థి చదువు మధ్యలో ఎక్కడ జారిపోతున్నాడో, అందులో సంస్థ తప్పు ఎంతో కనిపెట్టి సరిదిద్దడమే ఇందులో ముఖ్యం. అమెరికాలో విన్సెంట్ టింటో అనే విద్యారంగ పరిశోధకుడు 1975లోనే, చదువుతోనూ తోటివారితోనూ విద్యార్థికి ముడి పడకపోతే కాలేజీ వదిలేస్తాడని సిద్ధాంతీకరించారు. అక్కడి జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం, కొద్దిపాటి ఫీజు బకాయి వల్ల పేరు కొట్టేయించుకోబోతున్న విద్యార్థులకు ఆ మొత్తాన్ని తానే సర్దుబాటు చేసే పద్ధతి పెట్టింది. హాల్ టికెట్ ఆపేసి తండ్రికి ఫోన్ చేయించే మన అలవాటుతో దాన్ని పోల్చి చూడండి.

నా అనుభవం ఒకటి చెబుతాను. నేను పనిచేసిన ఒక కాలేజీలో సోమవారం ఉదయం ల్యాబ్‌కు ‘బి’ బ్యాచ్‌లో ఏడెనిమిది మంది ఎప్పుడూ గైర్హాజరే. బాధ్యత లేనివాళ్లని నేనూ రెండు నెలలు తిట్టాను. ఒక సాయంత్రం హాజరు పట్టీని, హాస్టల్ అవుట్‌పాస్ పుస్తకాన్ని పక్కపక్కన పెట్టుకుంటే విషయం బయటపడింది: అందరూ హిందూపురం, చిక్కబళ్లాపురం వైపు వాళ్లే, వారాంతానికి ఇంటికి వెళ్లి సోమవారం పొద్దున బస్సుకు తిరిగి వస్తున్నారు. ల్యాబ్‌ను బుధవారానికి మార్చాం, అంతే. ఆ సెమిస్టరులో ఆ బ్యాచ్‌లో హాజరు చాలక ఆగిపోయినవారు లేరు. మీ బయోడేటాలో ఇలాంటివి నాలుగు ఉంటే ఏ సర్టిఫికెట్టూ వాటికి సాటిరాదు.

అందుకని ఇప్పుడున్నచోటే మొదటి సంవత్సరం సమన్వయకర్త బాధ్యతను అడిగి తీసుకుని, మొదటి ఇంటర్నల్స్ మార్కులు, హాజరు, ఫీజు బకాయిలు, బ్యాక్‌లాగులు ఒకచోట చేర్చి రెండేళ్లు నడిపి చూడండి. అయితే సంస్థ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి, పిల్లల పేర్లు స్టాఫ్‌రూం కబుర్లలోకి రాకూడదు. మరొక మాట. తెలుగు పిల్లలు మీ దగ్గరకు వాళ్లంతట వాళ్లే వస్తారు, అది సహజం. మణిపూర్ నుంచి వచ్చిన అమ్మాయి, కలబురగి అబ్బాయి కూడా వస్తున్నారా అన్నదే మీకు పరీక్ష. ఆఫీసులో పని జరగాలంటే కన్నడం బాగా రావాలని వేరే చెప్పనక్కర్లేదు.

మీవారి భయంలో కొంత నిజముంది. బోధనను పూర్తిగా వదలకండి. సెమిస్టరుకు ఒక పేపరైనా చెబుతూ, ప్రస్తుత హోదాపైనే అదనపు బాధ్యతగా అడగండి. యాజమాన్యాలు ఈ పదవులు సృష్టించడం వెనుక పిల్లల మీద ప్రేమ ఒక్కటే లేదు: మీ బెంగళూరులోనే నాగరభావిలో ఉన్న, విద్యాసంస్థలకు గ్రేడులిచ్చే న్యాక్ సంస్థ ఏడు ప్రమాణాల్లో ఐదోది విద్యార్థులకు అందే సహాయం, వారి పురోగతి గురించినదే, కేంద్ర విద్యాశాఖ ప్రకటించే ఎన్ఐఆర్ఎఫ్ ఇంజినీరింగ్ ర్యాంకుల్లో పట్టభద్రుల ఫలితాలకు 20 శాతం వాటా ఉంది. కొన్నిచోట్ల డైరెక్టరంటే తల్లిదండ్రులకు ఫోన్లు చేసే బృందానికి పెద్ద మాత్రమే. కాబట్టి ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు మూడు సంగతులు అడగండి: వైస్ ఛాన్సలర్‌కు జవాబుదారీయా, అడ్మిషన్ల విభాగానికా? పరీక్షల విభాగం వివరాలు నేరుగా అందుతాయా? అవసరమైతే టైంటేబుల్ మార్పించే అధికారం ఉంటుందా? మూడోదానికి ‘చూద్దాం’ అన్నారంటే, మీ సోమవారం ల్యాబ్ సోమవారమే ఉంటుంది.