పేరు మార్చితే ఫైలు మారదు

ప్రశ్న: వేవ్ ఫైలు పేరు చివర ఎంపీ3 అని మార్చాను. సైజు అంతే ఉంది. ఫార్మాట్ మార్చడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాం వాడమంటున్నారు. కమాండ్లు నాకు కొత్త. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: మీరు మార్చింది డబ్బా మీది చీటీ. లోపలి సరుకు అదే. టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే విండో) తెరిచి, సీడీ కమాండుతో ముందు ఆ ఫైలున్న ఫోల్డర్లోకి వెళ్లండి. ఇప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, ఒకే వరుసలో: ఎఫ్ఎఫ్ఎంపెగ్, ఖాళీ, హైఫన్ ఐ, ఖాళీ, వేవ్ ఫైలు పేరు, ఖాళీ, కొత్త ఫైలు పేరు. కొత్త పేరు చివర డాట్ ఎంపీ3 ఉంటే చాలు, ఏ ఫార్మాట్ కావాలో అదే తెలుసుకుంటుంది. పాత ఫైలు చెక్కుచెదరదు.

పేరు మధ్యలో ఖాళీ ఉంటే మొత్తం పేరును డబుల్ కోట్స్‌లో పెట్టాలి. లేదంటే మొదటి ముక్కనే ఫైలు పేరనుకుని, అలాంటి ఫైలే లేదంటుంది. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కొత్త పేరుతో ఫైలు ఇప్పటికే ఉంటే దాని మీద రాయమంటారా అని అడుగుతుంది. వై కొడితే పాతది పోయినట్టే, చూసి కొట్టండి.

క్వాలిటీ మీరే చెప్పాలంటే, కొత్త పేరుకు ముందు హైఫన్ బి కోలన్ ఎ, ఖాళీ, 192కె (సెకనుకు 192 వేల బిట్లు) అని చేర్చండి. ఇది హైఫన్ ఐ కంటే ముందు పడకూడదు. అక్కడుంటే ఇన్‌పుట్ ఫైలు గురించిన మాట అనుకుంటుంది. 192 పక్కన కె మరిచిపోతే సెకనుకు 192 బిట్లే అడిగినట్టు, అంటే వెయ్యో వంతు! ఆడియో సీడీ స్థాయి స్టీరియో వేవ్ నిమిషానికి దాదాపు 10 ఎంబీ; 192కె ఎంపీ3 అయితే 1.4 ఎంబీ.

ప్రశ్న: పాత 128కె ఎంపీ3లను ఫ్లాక్‌లోకి మారిస్తే శబ్దం బాగుపడుతుందా?

జవాబు: పడదు. ఫ్లాక్ ఉన్న వివరాన్ని పోగొట్టకుండా దాచే ఫార్మాట్, అంతే. ఎంపీ3 చేసినప్పుడు పారేసిన వివరం తిరిగి రాదు. ఫైలు మాత్రం లావెక్కుతుంది. 320కె ఎంపీ3గా మార్చినా ఇదే కథ, పైగా ఇంకోసారి కోత పడుతుంది. అసలు వేవ్ ఉంటే దాన్నే ఫ్లాక్ చేసి దాచుకోండి.

ప్రశ్న: ఎంపీ4 వీడియో నుంచి ఆడియో ఒక్కటే కావాలి.

జవాబు: లోపలున్నది ఏఏసీ అయితే (ఎంపీ3 లాంటిదే మరో ఆడియో ఫార్మాట్; చాలా వాటిలో అదే) మార్చే పనే లేదు. వీడియో పేరు తర్వాత హైఫన్ వీఎన్, ఖాళీ, హైఫన్ సి కోలన్ ఎ, ఖాళీ, కాపీ అని రాసి, కొత్త పేరు చివర డాట్ ఎం4ఎ పెట్టండి. ఉన్నదాన్ని ఉన్నట్టే తీసిస్తుంది, క్షణాల్లో అయిపోతుంది. ఇక్కడ డాట్ ఎంపీ3 అని పెడితే మాత్రం ఎర్రర్ వస్తుంది. ఎంపీ3 ఫైలు ఏఏసీని పట్టుకోదు.