దేవునికంటె కొంచెమా, దూతలకంటె కొంచెమా?

సందేహం: సండే స్కూల్ పిల్లలతో క్రిస్మస్ నాటిక వేయిస్తున్నాను. మనిషి గొప్పదనం చెప్పడానికి బైబిల్లోని 8వ కీర్తన తీసుకున్నాను. అందులో "దేవునికంటె వానిని కొంచెము తక్కువవానిగా చేసియున్నావు" అని ఉంది. హెబ్రీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో అదే మాట "దేవదూతలకంటె" అని ఉంది. ఏది అచ్చుతప్పు? పైగా 'తక్కువవాడు' అని చదవగానే ఒక పిల్లవాడు "మమ్మల్ని ఊర్లో గట్లనే అంటరు సార్" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఇంకొకటి, దేవదూత వచ్చాడా, వచ్చిందా? (ఒక టీచర్, కాజీపేట)

సమాధానం: అచ్చుతప్పు ఎక్కడా లేదు. కీర్తన హీబ్రూలోది. అక్కడున్న మాట ఎలోహీమ్. రూపం బహువచనమే అయినా ఏకవచన క్రియతో వస్తే ఒక్క దేవుడనే అర్థం. మనం ఒక్క మనిషినే "నాన్నగారు వచ్చారు" అన్నట్టు అనుకోండి, కాకపోతే మనకు క్రియ కూడా మారుతుంది, వాళ్లకు మారదు. అదే మాటను ఇతర దేవతలకూ, పరలోకంలో ఉండేవాళ్లకూ వాడతారు. క్రీస్తుకు ముందే ఈ కీర్తనలను గ్రీకులోకి మార్చిన యూదులు ఇక్కడ 'దూతలు' అని అర్థం తీసుకున్నారు. మనిషిని దేవుడికి అంత దగ్గరగా నిలబెట్టడానికి జంకారేమోనని నా అనుమానం. పత్రిక రాసినాయన ఆ గ్రీకు పాఠాన్నే ఎత్తి రాశాడు. మన అనువాదకులు ఎక్కడి మూలాన్ని అక్కడ అనుసరించారు, రెండింటినీ కలిపి చదును చేయలేదు. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లోనైతే కీర్తనలోనూ దూతలే.

అసలు సంగతి ఆ పిల్లవాడిది. తెలుగులో 'తక్కువ' రెండు చోట్ల బతుకుతోంది. "వాడు తక్కువోడు" అన్నప్పుడు అది ఊరి తక్కువ. ఎవరి గడప దగ్గర ఎవరు ఆగాలో పుట్టకముందే తేల్చేసే మాట. రెండోది అంగడి తక్కువ. మొన్న హన్మకొండ మార్కెట్లో చిక్కుడుకాయ తూస్తూ ఒకామె తరాజు ముల్లు చూసి "కిలకు జర తక్కువున్నది" అని ఇంకో నాలుగు కాయలు వేసింది. తరాజులో ఉన్న కాయలకు అందులో అవమానం ఏముంది? కిలో నిండడానికి నాలుగు కాయలు కావాలి, అంతే.

కీర్తనలో ఉన్నది అంగడి తక్కువ. అక్కడి హీబ్రూ క్రియకు ధాతువు 'కొరతపడు, లేమి కలుగు' అనేది. మీ పిల్లలకు 23వ కీర్తన కంఠతా వచ్చే ఉంటుంది: "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు". ఆ లేమి, ఈ తక్కువ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. తెలుగులో చిక్కు తెచ్చింది 'తక్కువ' కాదు, దాని తోక 'వాడు'. కొరతను చెప్పే మాటకు 'వాడు' తగిలించగానే అది మనిషి అంతస్తు అయిపోతుంది. "కొంచెమే కొరతగా చేసితివి" అని ఉంటే ఆ పిల్లవాడికి ఆ మాట గుచ్చుకునేది కాదు. వెంటనే వచ్చే మాట కూడా చదివించండి: "మహిమా ప్రభావములతో వానికి కిరీటము ధరింపజేసి యున్నావు". ఊరు తక్కువోడన్న మనిషి నెత్తిన ఏ ఊరు కిరీటం పెట్టిందో వాడినే అడగండి.

'కొంచెము' మాత్రం మన భాషకు కలిసొచ్చిన మాట. గ్రీకులో ఆ చోట ఉన్న మాటకు కొద్దిపాటి అనీ, కొద్దికాలం అనీ రెండర్థాలు. పత్రికలో ఆ వాక్యాన్ని యేసుకు అన్వయించారు కాబట్టి, కొంతకాలం దూతలకంటె తక్కువగా ఉండి తర్వాత మహిమ పొందాడని చాలామంది చదువుతారు. "కొంచెం ఉప్పు వెయ్యి", "కొంచెం ఆగు" అని మనం రెండింటికీ ఒకే మాట వాడతాం. 'జర' కూడా అంతే.

ఇక దూత. హీబ్రూ మలాఖ్, గ్రీకు అంగెలోస్, సంస్కృత దూత, మూడూ కబురు తెచ్చేవాడనే చెబుతాయి. అది పని పేరే తప్ప జాతి పేరు కాదని క్రైస్తవ వేదాంతి అగస్టీన్ 1,600 ఏళ్ల కిందటే అన్నాడు. మీ కాజీపేటలో పెద్ద వయసు కథోలికులను అడిగితే 'సన్మనస్కులు' అనే ఇంకో మాట చెబుతారు. మంచి మనసు గలవాళ్లని అర్థం. సంస్కృత నిఘంటువు అమరకోశంలో దేవతల పేర్ల వరుసలో 'సుమనసః' ఉంది. ఈ రెండు మాటలూ ఇంత దగ్గరగా ఉండటం నాకు భలే ముచ్చట.

దేవుడు, సేవకుడు అన్నట్టు 'దూత'కు డు చేరలేదు. అందుకే అది చెవికి సీత, లత వరుసలో పడుతుంది. పాత తెలుగు బైబిల్లో దూత "పంపబడెను" అన్నారు. ఆ 'ఎను' అతడికీ, ఆమెకూ, దానికీ చెల్లుతుంది కాబట్టి పేచీ లేకపోయింది. ఇవాళ్టి తెలుగులో ఏదో ఒకటి తేల్చక తప్పదు. మరియకు కబురు తెచ్చిన దూత గబ్రియేలు పేరు పెడితే "వచ్చాడు" అని రాయండి, పిల్లల నోట "వచ్చిండు" అనిపించినా బాగుంటుంది. పేరులేని దూతల గుంపుకైతే "వచ్చారు" చాలు, రెక్కలు కట్టుకున్నది ఆడపిల్లలైనా మగపిల్లలైనా.